ఉడుకునీళ్ళ తాత

కేసు కాగితం ఒకటి తీసుకోవడానికి మొన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్ళాను. మందులిచ్చే కిటికీ పక్కన గోడకు కొత్త పోస్టరు అంటించారు. కన్నడంలో పెద్ద పెద్ద అక్షరాలు. ఎవరైనా మీ మీద చెయ్యి చేసుకుంటే స్నానం చేయకండి, బట్టలు మార్చకండి, గాయాలు కడగకండి, ఎలా ఉన్నారో అలాగే ఆసుపత్రికో పోలీసు స్టేషనుకో రండి అని. కింద ఒక ఆడమనిషి బొమ్మ, జుట్టంతా రేగిపోయి ఉంది. మందుల కోసం వరుసలో నిలబడ్డవాళ్ళెవరూ దాన్ని చదవడం లేదు. నేను చదివాను. చదివి, ఉడుకునీళ్ళ తాత ఉండుంటే ఈ బొమ్మకు కూడా తల దువ్వేసేవాడే అనుకున్నాను.

ఆయన గత చలికాలంలో పోయాడు. నాకు ఆలస్యంగా తెలిసింది. వెళ్ళేసరికి సమాధి మీద మట్టి కూడా ఆరిపోయింది.

నేను క్యాసంబళ్ళి వైపు రైతు కుటుంబంలో పుట్టినదాన్ని. లా చదివి, కోలారులో ఒక పెద్ద వకీలు దగ్గర కొన్నాళ్ళు ఫైళ్ళు మోసి, తర్వాత కేజీఎఫ్ కోర్టుకు ఎదురుగా ఒక గది అద్దెకు తీసుకున్నాను. అప్పటికి బంగారు గనులు మూతపడి కొన్నేళ్ళయింది. మగవాళ్ళు తెల్లారకముందే రైలెక్కి బెంగళూరు పోయేవాళ్ళు. అక్కడ ఎవరి గేటు ముందో కాపలా కాసి, ఎవరివో మూటలు మోసి, పొద్దుగూకాక తిరిగి వచ్చేవాళ్ళు. గనిలో పని చేసినప్పుడు తమకు ఒక పేరుండేదని, ఇప్పుడు లేదని వాళ్ళ బాధ. ఆ బాధ ఇంట్లో ఎవరి వీపు మీద దిగేదో నా బల్ల ముందుకు వచ్చేది. అలా వచ్చినవాళ్ళలో సగం మందిని ఆయనే వెంటబెట్టుకుని తెచ్చేవాడు.

ఊరిగాం వైపు గని లైన్లలో చివరి ఇల్లు ఆయనది. లైన్లంటే కంపెనీ కూలీల కోసం ఒకదానికొకటి అంటించి కట్టిన చిన్న చిన్న ఇళ్ళు. ఆయన పొడుగు మనిషి. జీవితమంతా తక్కువ ఎత్తు కప్పుల కింద తిరిగినందువల్లేమో, ఆకాశం కింద కూడా మెడ వంచుకునే నడిచేవాడు. తల మీద ఒక్క వెంట్రుక లేదు గానీ చొక్కా జేబులో ఎప్పుడూ దువ్వెన ఉండేది. అది ఇతరుల కోసం. ఇంట్లో ఎప్పుడు చూసినా స్టవ్ మీద నీళ్ళు కాగుతూ ఉండేవి. తలుపు తట్టింది ఎవరైనా సరే, ఏమైందని అడిగేవాడు కాదు. మోచెయ్యి ముంచి వేడి చూసి, బకెట్లో చన్నీళ్ళు కలిపి, "ముందు ముఖం కడుక్కోమ్మా. ఏడుపు యాడికీ పోదు, ఆనక ఏడుద్దువు" అనేవాడు. అందుకే లైన్లలో ఆయనకు ఆ పేరు.

నన్ను కూడా వదిలేవాడు కాదు. కాళ్ళు కడుక్కోకుండా ఒక్కసారి కూడా లోపలికి రానివ్వలేదు. "దుమ్ము కాళ్ళతో న్యాయం చెప్తే ఎవురు వింటారు లాయరమ్మా?" అని చెంబు చేతికిచ్చేవాడు. ఒకసారి స్టేషనుకు వెళ్ళినప్పుడు, ఫిర్యాదులు రాసుకునే రైటరు బల్ల మీద టీ మరకలు చూసి ఊరుకోలేక, తన రుమాలు తీసి తుడిచేశాడు. ఫిర్యాదు మాట దేవుడెరుగు, ఆ రైటరు తనను అవమానించారని మా మీద ఆ పూటంతా ముఖం ముడుచుకునే ఉన్నాడు.

ఈ శుభ్రం పిచ్చి మీద నాకు మొదట నవ్వు వచ్చేది. ఫిలోమినా వచ్చిన రోజు నుంచి కోపం వచ్చింది.

ఫిలోమినా ఆయన ఇంటికి నాలుగిళ్ళ అవతల ఉండేది. ఇల్లు ఆమె తండ్రిది, గనిలో పని చేసి పోయినాయన. భర్త ఇల్లరికం వచ్చినట్టు వచ్చి అక్కడే ఉండిపోయాడు. బడికి వెళ్ళే కూతురు ఒకతి. ఒక ఉదయం తాత ఆమెను నా గదికి తీసుకొచ్చాడు. ఆమె తల దువ్వి ఉంది, జడ వేసి ఉంది, ముఖానికి పౌడరు రాసి ఉంది. కట్టుకున్నది తాత చనిపోయిన భార్య చీర. ఇద్దరూ ఏదో పెళ్ళికి పిలవడానికి వచ్చారనుకున్నాను.

"నిన్న సాయంత్రం కొట్టినాడక్కా. తలుపుకు అడ్డం పెట్టే కర్ర తీసుకుని కొట్టినాడు," అంది ఆమె.

"ఎక్కడ తగిలింది?"

ఆమె కన్నా ముందు తాత చెప్పాడు. "తల మీద చీలింది, వీపు మీద వాపు. నేనే కడిగినాను. ఉడుకునీళ్ళు, మందు, ఇంగ కాపడం రాత్రంతా. చూడు, యెంత తగ్గిందో." చెబుతూనే సంచిలోంచి మడత పెట్టిన చీర తీసి నా బల్ల మీద పెట్టాడు. "నిన్న కట్టుకున్న చీర ఇదే. కేసుకు కావాల గదా. ఉతికి, ఇస్త్రీ కూడా చేసినాను."

నేను ఆ చీర వైపు చూశాను. ఒక్క మరక లేదు. మడత మడతకూ గీత కనిపిస్తోంది.

"ఆ కర్ర?"

"అదీ కడిగి మల్లా తలుపు కాడ పెట్టినాను. గచ్చు కూడా కడిగినాను. పాప బడి నుంచి వచ్చే టైమమ్మా, చూస్తే యెట్లా?"

ఆ రోజు స్టేషనులో జరగాల్సిందే జరిగింది. రైటరు ఆమెను ఎగాదిగా చూసి, "ఏమమ్మా, ఫంక్షన్‌కి పోతా పోతా ఇట్లా వచ్చినావా?" అన్నాడు. ఆసుపత్రిలో డాక్టరు చూసి పైపై గాయాలు, మామూలువి అని రాశాడు. అబద్ధం రాయలేదు పాపం, ఆయనకు కనిపించింది అంతే. ఎముక విరిగినా, కర్ర లాంటి దానితో కొట్టారని చూపించగలిగినా పోలీసులు వెంటనే ఎఫ్ఐఆర్ రాయాలి, దాని నకలు ఉచితంగా చేతికివ్వాలి. మామూలు దెబ్బ అయితే ఒక పుస్తకంలో రాసుకుని రసీదు ఇస్తారు, మేజిస్ట్రేటు అనుమతి లేకుండా విచారణ మొదలుపెట్టరు. కట్టుకున్నవాడి క్రూరత్వానికి వేరే సెక్షను ఉందని నేను వాదించాను. "చూపించడానికి ఏముందమ్మా?" అని రైటరు అడిగాడు. ఫిలోమినా చేతికి రసీదు వచ్చింది. భర్తను పిలిపించి గట్టిగా తిట్టారు. వాడు ఇకపై కొట్టనని సంతకం పెట్టి, ఆమెతో కలిసి ఒకే ఆటోలో ఇంటికి వెళ్ళాడు.

ఆటో ఎక్కే ముందు ఆమె నాతో అన్న మాట ఇది. "నాకు వాణ్ణి జైల్లో పెట్టేది వద్దక్కా. ఇల్లు మా నాయనది. వాడు బయట ఉంటే చాలు. నేనూ పాపా భయం లేకుండా నిద్రపోవాల, అంతే." అంతకన్నా ఎక్కువ ఆమె ఎన్నడూ అడగలేదు. చట్టంలో దానికీ దారి ఉంది. గృహహింస చట్టం కింద వాడిని ఇంటికి దూరంగా ఉంచమని కోర్టును అడగవచ్చు. కానీ కోర్టు కూడా ఆ రైటరు అడిగిన ప్రశ్నే అడుగుతుంది.

ఆ సాయంత్రం నేను తాత ఇంటికి వెళ్ళి గట్టిగానే మాట్లాడాను. "మీరు కడిగింది ఆమె తలను కాదు, ఆమె కేసును" అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. స్టవ్ మంట తగ్గించి, పీట లాక్కుని కూర్చున్నాడు.

"నేను గనిలో ఏం పని చేసినానో నీకు తెల్దు గదా లాయరమ్మా. దెబ్బలు తగిలినోళ్ళని పైకి మోసేది నా పని. లోపల రాయి పడితే మనిషి ఎట్లుంటాడో నీకు చెప్పను. పైన గేటు కాడ వాని పెండ్లాం నిలబడి ఉంటాది, పిల్లోళ్ళుంటారు. వాడు బతికుండొచ్చు, పోయుండొచ్చు. ఎట్లున్నా సరే, ముఖం కడిగి తల దువ్వకుండా ఎవుర్నీ గేటు దాటనియ్యలేదు నేను. ఆఫీసరు తొందర చేసినా బకెట్టు అడ్డం పెట్టి నిలబడినాను. ఎందుకంటే, ఇంటోళ్ళు ఒకతూరి చూసినారంటే ఇంగ అదే నిలిచిపోతాదమ్మా. ఆనక ఆ మనిషి బాగై ఇంటికొచ్చి, ఎదురుగ్గా కూసుని సంగటి తింటా ఉన్నా, వాళ్ళకి ఆ ముఖమే కనిపిస్తాది."

ఆ మాటకు నా దగ్గర సెక్షను లేదు. అయినా నేను వకీలును కాబట్టి, ఇది గని కాదు తాతా అన్నాను. ఆయన తలూపి, "అట్లయితే నాకు నేర్పు" అన్నాడు.

నేర్పాను. పొద్దుగూకే వేళకు గదికి వచ్చి, మెడ వంచి, పలక పట్టుకున్న పిల్లవాడిలా కూర్చునేవాడు. అడిగే ప్రశ్నలు మాత్రం పదునుగా ఉండేవి.

"దెబ్బ తగిలితేనే నేరమా?"

"కాదు. కొట్టబోయినట్టు చెయ్యెత్తి మీదికి వచ్చినా, ఇప్పుడు కొడతాడని ఆమెకు భయం పుడితే, అదీ నేరమే. ఉత్త మాటలు మాత్రం ఇందులోకి రావు, వాటికి వేరే సెక్షన్లు."

"అట్లయితే మా లైన్లలో మొగోళ్ళు సగం మంది నేరస్తులే" అని నవ్వాడు. నేను నవ్వకపోవడం చూసి ఆపేశాడు. "స్టేషనోళ్ళు ఇది మా ఏరియా కాదు పో అంటే?"

"ఏ స్టేషనులోనైనా రాసుకోవాలి. తర్వాత వాళ్ళే సరైన చోటికి పంపుకుంటారు. అసలు రాసుకోకపోతే జిల్లా ఎస్పీకి పోస్టులో పంపాలి. అక్కడా కదలకపోతే నేరుగా మేజిస్ట్రేటుకు అర్జీ."

"ఇంత తిరిగేలోపల ఆ దెబ్బలు మానిపోవా?"

"అందుకే ముందు ఆసుపత్రి. కడగకుండా, మార్చకుండా. డాక్టరు రాసింది ఉంటే దెబ్బ మానినా కేసు మానదు."

ఆయన దాన్ని జపమాల తిప్పుతూ చెప్పుకున్నట్టు పెదవులతో చెప్పుకునేవాడు. తర్వాత లైన్లలో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళకు అప్పజెప్పాడు. కడగొద్దు, మార్చొద్దు, నేరుగా రండి, నకలు అడగండి, దానికి పైసా ఇయ్యొద్దు. సైకిలు మీంచి పడి మోకాలు చెక్కుకుపోయిన పిల్లాడి తల్లికి కూడా కడగొద్దని చెప్పి ఆమె చేత చీవాట్లు తిన్నాడు. ఆ సంగతి తనే వచ్చి చెప్పాడు. కానీ ఎవరైనా దెబ్బలతో తలుపు తడితే ఇప్పుడు ఆయన చేతులు ఏం చేయాలో తెలియక అల్లాడిపోయేవి. చేతులు రెండూ చంకల్లో పెట్టుకుని, స్టవ్ వైపు చూడకుండా ఆసుపత్రికి నడిచేవాడు.

అలా కొన్ని నెలలు గడిచాయి. ఒక ఆదివారం ఉదయం నాకు ఆయన ఫోను వచ్చింది. "లాయరమ్మా, ఫిలోమినా. తల పగిలింది. నేను కడగలేదు. అట్లే తీసుకొస్తా ఉండాను" అన్నాడు. ఆ గొంతులో పాఠం తప్పకుండా అప్పజెప్పిన పిల్లవాడి గర్వం ఉంది.

నేను స్కూటరు మీద బయలుదేరాను. చర్చి ముందున్న మిట్ట దగ్గర వాళ్ళు కనిపించారు. ఆటోవాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదట. సీటు పాడవుతుందన్నారట గానీ, సాక్షిగా పిలుస్తారన్నదే వాళ్ళ భయం. ఇద్దరూ నడుచుకుంటూ వస్తున్నారు. ఆమె ముఖం సగం కనిపించడం లేదు. రవికె, చీర, చేతులు అన్నీ ఎర్రగా ఉన్నాయి. గాయానికి తగలకుండా కొంగు పక్కకు పట్టుకుని ఉంది. ఆయన ఒక అడుగు వెనక, ఆమెను తాకకుండా, పడిపోతే పట్టుకోవడానికి రెండు చేతులూ ముందుకు చాచి నడుస్తున్నాడు. ఏడుస్తున్నాడు. సరిగ్గా అప్పుడే పూజ అయిపోయి జనం బయటికి వస్తున్నారు. మంచి బట్టలు, తలల మీద ముసుగులు. ఒక్కొక్కరే నిలబడిపోయారు.

చర్చి మెట్ల మీద, ఆదివారం మతపాఠాలు చెప్పే ఉపదేశం క్లాసు పిల్లల మధ్య ఫిలోమినా కూతురు ఉంది.

నేను ఇంకా మిట్ట దిగువన ఉన్నాను. వాళ్ళేం మాట్లాడుకున్నారో తర్వాత ఫిలోమినా చెప్పింది. "తాతా, తుడువు. కొంచెం తుడువు. పాప ఉండాది ఆడ" అని ఆమె అడిగిందట. ఆయన రుమాలు తీశాడట. తీసి, దాన్ని నలిపి పట్టుకుని, "వొద్దు తల్లీ. ఇంగ కొంచెం దూరమే" అన్నాడట. పాప తల్లి దగ్గరికి రాలేదు. వెనక్కి జరిగి, పక్కనున్న అమ్మాయి భుజం మీద ముఖం దాచుకుంది. అది మాత్రం నేను చూశాను.

చట్టం ప్రకారం అయితే ఆ రోజు అంతా సవ్యంగా జరిగింది. డాక్టరు చూసినదంతా రాశాడు, ఆసుపత్రివాళ్ళే స్టేషనుకు కబురు పంపారు. చీరను మూటగట్టి సీలు వేశారు, కర్రను ఇంట్లోంచి తీసుకొచ్చారు. అప్పటి రైటరే గబగబా ఎఫ్ఐఆర్ రాసి, నకలు నేను అడగకముందే ఇచ్చాడు. వాణ్ణి పట్టుకెళ్ళారు. బెయిలు వచ్చింది గానీ, ఇంటి దరిదాపులకు పోకూడదని జడ్జిగారు షరతు పెట్టారు. ఫిలోమినా అడిగింది అదే కదా. నేను సంతోషించాను, ఆ సంతోషాన్ని ఇప్పుడెందుకు దాచుకోవాలి? తాత ఇంటికి వెళ్ళి గెలిచామని చెప్పాను. ఆయన కాళ్ళు కడుక్కోమనడం కూడా మరచిపోయి, "పాప అన్నం తింటా ఉండాదా?" అని అడిగాడు.

పాప తినడం లేదు. తల్లి వడ్డిస్తే తినదు, తల్లి పక్కన పడుకోదు, తల్లి దగ్గరికొస్తే కళ్ళు మూసుకుంటుంది. బడిలో పిల్లలు ఏమన్నారో తెలియదు గానీ బడికి పోనంది. గాయం మానింది, కుట్లు తీశారు, దాని మీద వెంట్రుకలు కూడా వచ్చాయి. ఫిలోమినా తలంటుకుని, కొత్త చీర కట్టుకుని, ఇదిగో చూడు, ఏమీ లేదు చూడు అని కూతురి ముందు నిలబడేదట. పిల్ల కళ్ళు తెరిచేది కాదట.

కేసు సాక్ష్యానికి వచ్చేనాటికి పాపను కూడా సాక్షిగా పిలుస్తారని తెలిసింది. నేను ప్రాసిక్యూటరును బతిమాలుకుంటానన్నాను, పాపను జడ్జిగారి గదిలో విడిగా అడిగిస్తానన్నాను, మాటలు ఎన్నో చెప్పాను. ఫిలోమినా విని, "కేసు ఉన్నన్నాళ్ళూ ఆ దినాన్నే అడుగుతా ఉంటారు గదక్కా. దానికి ఆ దినం మరుపు రావాల" అంది. బోనెక్కి, తలుపు కొట్టుకుని పడినాను స్వామీ అంది. జడ్జిగారు రెండోసారి అడిగారు. ఆమె రెండోసారీ అదే చెప్పింది. డాక్టరు రాసిన కాగితం, సీలు వేసిన చీర, కర్ర, అన్నీ అక్కడే బల్ల మీద ఉన్నాయి. వాణ్ణి వదిలేశారు. వాడు ఇంటికి వచ్చాడు.

ఆ సాయంత్రం తాత నా గదికి వచ్చాడు. కూర్చోలేదు. "లాయరమ్మా, నువ్వు చెప్పినట్టే చేసినాను గదా?" అన్నాడు.

"చేశారు తాతా."

"యాడా తప్పు చేయలేదే?"

"లేదు."

ఇంకేదో అడుగుతాడని చూశాను. అడగలేదు. వెనక్కి తిరిగి తలుపు వైపు నడిచాడు. మెట్లు దిగుతుంటే పట్టుకోబోయాను, వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. అదే ఆయన నా గదికి రావడం ఆఖరు.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం ఫిలోమినా మళ్ళీ దెబ్బలతో ఆయన ఇంటికి వెళ్ళింది. ఇది కూడా ఆమే చెప్పింది. తలుపు లోపల గడియ వేసి ఉందట. తట్టితే ఆయన వచ్చి తలుపుకు అవతల నిలబడ్డాడట, ఊపిరి వినపడిందట. గడియ మాత్రం తీయలేదట. "నిన్ను కడగాల్నో, కడగకూడదో నాకు తెల్దు తల్లీ. తెలిసినోళ్ళ కాడికి పో" అన్నాడట. ఆమె కాసేపు అక్కడే నిలబడి, వేరే ఎక్కడికి పోవాలో తోచక, ఇంటికే తిరిగి వెళ్ళిపోయింది.